పాత మియాటాకి రబ్బర్లా, తూములా? వీల్స్‌కి పౌడరా, పెయింటా? ఏది మేలు?

మా హ్యూస్టన్‌లో ఎండా ఎక్కువే, వానా ఎక్కువే. నా దగ్గరున్నది 1992 మాజ్డా మియాటా, 1.6 లీటర్ ఇంజన్, మడిచే గుడ్డ టాప్. ఎండకి నల్ల ప్లాస్టిక్ బూడిద రంగుకొచ్చేసింది, 14 అంగుళాల అలాయ్ వీల్స్ మీద క్లియర్ కోట్, అంటే రంగు పైన వేసే పారదర్శక పూత, పొరలుగా లేచింది, గట్టి వాన పడితే సీట్ల వెనక కార్పెట్ తడిసిపోయేది. మూడు పనులకీ తలా కొన్ని దారులున్నాయి, ఏది ఎప్పుడు మేలో చేసి చూసిన మేరకు చెప్తాను.

వీల్స్‌తో మాత్రం మొదలుపెట్టకండి. లోపలికి నీళ్ళొస్తున్న కారుకి వీల్స్ మెరిపిస్తే పైన పటారం, లోన లొటారం. ఈ కార్లలో తలుపుల కింద ఉండే సిల్స్ లోపల్నుంచి తుప్పు పడతాయి, పెయింట్ మీద చిన్న బుడగ కనబడేసరికి లోపల రేకు సగం పోయి ఉంటుంది, అప్పుడు వెల్డింగ్‌కి అయ్యే ఖర్చు ముందు, నీళ్ళు రాకుండా తలుపు అద్దం చుట్టూ ఉండే రబ్బర్ల ఖర్చు లెక్కలోకే రాదు.

ఇక అసలు విషయం, లోపలికి నీళ్ళు కారడం. దీనికి నాలుగు దారులు: టాప్ మీది నీళ్ళు బయటికి పోయే తూములు శుభ్రం చేయడం, పాత రబ్బర్లనే సర్ది వాడుకోవడం, కంపెనీ కొత్త రబ్బర్లు, చవక నకళ్ళు. ఏది ఎంచుకోవాలన్నది నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో చూశాకే తేల్చాలి. తలుపు అద్దం పైనుంచి తొడ మీద చుక్కలు పడుతుంటే రబ్బరు తప్పు. పైనేమీ తడి లేకుండా సీటు వెనక కార్పెట్ మాత్రమే నానుతుంటే ఎక్కువసార్లు తప్పు తూముదే. టాప్ వెనక అంచు కింద ఒక ప్లాస్టిక్ దోనె ఉంటుంది, రెయిన్ రెయిల్ అంటారు, టాప్ మీద పడ్డ నీళ్ళు అందులోకి జారి, రెండు పక్కలా సీట్ బెల్ట్ దగ్గరున్న రంధ్రాల్లోంచి వెనక చక్రాల ముందు నేల మీదికి పోవాలి. మనూళ్ళో డాబా మీద తూముకి వేపాకులు అడ్డంపడితే నీళ్ళు నిలిచి గోడలోకి దిగినట్టే ఇక్కడా జరుగుతుంది.

నేను మాత్రం ఆ సంగతి తెలియక ముందు రబ్బర్లే ఆర్డర్ చేశాను. మార్చాను. మళ్ళీ తడిసింది. అప్పుడు కార్పెట్ ఎత్తి చూస్తే కింద స్పాంజి పిండితే నీళ్ళు కారేంత నానిపోయి ఉంది, ఆ బూజు వాసన ఇప్పటికీ గుర్తుంది. గడ్డి కోసే మిషన్లో వాడే నైలాన్ తీగ ముక్క ఒకటి తీసుకుని తూములోకి మెల్లగా దింపి తిప్పుతూ పోతే మొదట ఓక్ ఆకుల పిప్పి, తర్వాత పైన్ సూదులు, చివరికి కాఫీ మడ్డిలాంటి నల్లటి బురద. ఒక సీసా నీళ్ళు పోశాను. రెండు క్షణాలు ఏమీ లేదు, ఆ తర్వాత వెనక చక్రం ముందు నల్లగా బుళుక్కున దూకాయి. ఇనుప తీగ వాడకండి, గొట్టం చిరుగుతుంది. కంప్రెసర్ గాలి కూడా వద్దు, కింద గొట్టం ఊడిపోయిందంటే నీళ్ళన్నీ నేరుగా కారు లోపలికే. రెయిల్ పగిలిపోయి ఉంటే మాత్రం ఎంత శుభ్రం చేసినా లాభం లేదు, అది మార్చాల్సిందే.

రబ్బరుదే తప్పని తేలితే వెంటనే కొనేయకండి. తలుపు తెరిచి రబ్బరు మీద టాల్కమ్ పౌడర్ పలచగా రాసి, మూసి, మళ్ళీ తెరవండి. అద్దం మీద పౌడర్ గీత ఎక్కడ తెగిందో నీళ్ళు అక్కడే వస్తున్నాయి. రబ్బరు ఇంకా మెత్తగా ఉంటే దాన్ని పట్టి ఉంచే రేకు స్క్రూలు వదులు చేసి కాస్త జరపొచ్చు, అద్దాన్ని కూడా సర్దొచ్చు, తర్వాత సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాజిలిన్ రాయకండి, పెట్రోలియం సరుకు ఈ రబ్బరుని ఉబ్బించి పాడుచేస్తుంది. గోరుతో నొక్కితే గుంట అలాగే ఉండిపోతున్నా, మూలల్లో చీలినా కొత్తవే వేయాలి, వేస్తే కంపెనీవే. చవకవి నేను ఒక పక్క వేసి చూశాను, మూలలో మలుపు సరిగ్గా రాలేదు, తలుపు గుద్ది మూయాల్సి వచ్చింది, హైవే మీద ఈల. ఒక్కో పక్క రబ్బరు మూడు ముక్కలుగా ఉంటుంది, డబ్బు తక్కువుంటే వాటిలో పాడైన ఒక్క ముక్కే కంపెనీది కొనండి, మొత్తం సెట్ నకలు కొనేకన్నా అదే నయం.

వీల్స్ దగ్గరికొస్తే, పౌడర్ కోటింగ్‌కి ఇక్కడ నాలుగింటికి 400 నుంచి 600 డాలర్లు అడిగారు. పౌడర్ చల్లి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు, బ్రేక్ డస్ట్‌కి, చిన్న రాళ్ళకి బాగా ఆగుతుంది. కానీ నట్లు కూర్చునే చోట, చక్రం బిగించే హబ్‌కి ఆనే ముఖం మీద పౌడర్ పడకుండా మూయమని గట్టిగా చెప్పాలి. అక్కడ మందంగా పొర పడితే కొన్నాళ్ళకి నలిగి నట్ల బిగువు తగ్గుతుంది. ఎవరు చేసినా బిగించాక వంద మైళ్ళకి ఒకసారి నట్ల బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో చూసుకోండి. ఇంట్లో పెయింట్ చేస్తే ఖర్చు చాలా తక్కువ, పైగా వీల్ అంచు కర్బుకి గీసుకుంటే ఆ ముక్క ఒక్కటే మళ్ళీ వేసుకోవచ్చు, పౌడర్‌లో ఆ వీలు లేదు. అయితే మామూలు స్ప్రే క్లియర్ పెట్రోల్ పడితే మెత్తబడుతుంది, గట్టి టూకే క్లియర్‌లో (గట్టిపరిచే రసాయనం కలిపి వాడే రకం) ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి కాబట్టి సరైన మాస్కు లేకుండా దాన్ని ముట్టుకోకండి. రోజూ నడిపే కారైతే పౌడర్, ఆదివారం కారైతే పెయింట్. నేను పెయింటే వేశాను.

కొత్త 15 అంగుళాల వీల్స్ కొనేస్తే పోదా అని చాలామంది అంటారు. మంచి టైర్లు ఆ సైజులోనే ఎక్కువ దొరుకుతాయి, నిజమే. కానీ వెయ్యి కిలోల దగ్గరుండే ఈ కారుకి తేలికైన పాత 14 అంగుళాలవి, ఎత్తు గోడల 185/60 టైర్లతో గుంతల రోడ్డు మీద ఎంత హాయిగా పోతాయో నడిపినవాళ్ళకే తెలుస్తుంది. జపాన్‌లో మాజ్డా తానే ఈ తరం కార్లని బాగుచేసే పని పెట్టుకున్నప్పుడు, బ్రిడ్జ్‌స్టోన్ చేత ఆ పాత సైజు టైర్లని మళ్ళీ చేయించింది.

ట్రిమ్, అంటే బయటి నల్ల ప్లాస్టిక్, గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వైపర్ల కింది ప్లాస్టిక్‌ని హీట్ గన్‌తో కాలిస్తే క్షణంలో నల్లబడుతుంది, కొన్ని నెలలకి మళ్ళీ తెల్లబోతుంది, చెయ్యి ఆగితే వంకర కూడా పోతుంది. మెరిసే నూనె రకాలు రెండు వానలకి పోతాయి. రంగు పట్టే ట్రిమ్ డై మేలు, ముందు ఆల్కహాల్‌తో తుడిచి రెండు పలచని పూతలు. పగుళ్ళుంటే కొత్తది కొనడమే.

ఒక్క జాగ్రత్త, పెయింట్ పనులన్నీ అయ్యాకే రబ్బర్లకి సిలికాన్ రాయండి. దాని తుంపర పడ్డ చోట పెయింట్ చేప కళ్ళలా గుంటలు పడుతుంది, మొత్తం గీకి మళ్ళీ మొదట్నుంచి వేసుకోవాలి.