దంతం పిడి కత్తి: వేలంలో పెట్టాలా, పాత కత్తులు సేకరించేవాళ్ళకి నేరుగా అమ్మాలా?

అమెరికాలో ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి పాత సామాన్లన్నీ అమ్మకానికి పెట్టేది) దంతం పిడి ఉన్న పాత మడత కత్తి దొరికితే వచ్చే డౌటే ఇది. ముందు అది నిజంగా దంతమేనా చూడండి. పిడి అడ్డకోత కనిపించే చోట భూతద్దం పెడితే సన్నటి గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వలలా ఉంటాయి, వాటి మధ్య కోణం 115 డిగ్రీలు దాటితే ఏనుగు, 90 లోపైతే మామత్ (ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు లాంటి జంతువు), చిన్న నల్ల చుక్కలుంటే ఎముక. కాల్చిన సూది గుచ్చి చూడమంటారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, మచ్చ పడితే విలువ పోతుంది. బ్లేడ్ మొదట్లో ఉన్న కంపెనీ ముద్ర ఫోటో తీసుకోండి, పాలిష్ అస్సలు పట్టొద్దు.

ఖర్చు: వేలంలో కమీషన్ పోతుంది. నేరుగా అయితే పోదు, కానీ రేటు మీకే తెలిసుండాలి.

శ్రమ: వేలంలో మేకర్ ఎవరో, వయసెంతో వాళ్ళే చూస్తారు. నేరుగా అయితే అన్నీ మీరే, బేరాలతో సహా.

రిస్క్: అసలు విషయం ఇక్కడే ఉంది. ఆఫ్రికా ఏనుగు దంతమైతే 2016 ఫెడరల్ రూల్ వల్ల రాష్ట్రం దాటించి అమ్మాలంటే వందేళ్ళు దాటిందనో, లేదా దంతం 200 గ్రాముల లోపు ఉండడం లాంటి మినహాయింపు షరతులకి సరిపోతుందనో కాగితాలు చూపించాల్సిందే, న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో సొంత నిషేధాలు కూడా ఉన్నాయి. ఈబేలో దంతం పెట్టనివ్వరు. ఇండియా తీసుకెళ్ళి అమ్ముదామనుకోవద్దు, అక్కడ అమ్మడమే నేరం.

పేరున్న మేకర్, వందేళ్ళ పైబడిన కత్తి, పాత రసీదులు ఉంటే వేలమే మేలు. మామూలు కత్తి, మీ రాష్ట్రంలోనే కత్తులు సేకరించే తెలిసినవాళ్ళు, అక్కడి చట్టం ఒప్పుకుంటే నేరుగా ఇచ్చేయండి. కాగితాలే లేకపోతే రెండూ వద్దు, ఇంట్లోనే ఉంచుకోండి.