మూడు రోజుల ఆత్మీయ సదస్సు: బోధ సరే, ఆ సోఫాల సంగతి ఏమిటి?

కిందటి వేసవిలో ప్రకాశం జిల్లాలో ఒక క్రైస్తవ సంఘంవారు ‘దేవుని దృష్టిలో నీ విలువ’ అన్న అంశంపై నిర్వహించిన సదస్సుకు నేనూ, నా భార్యా వెళ్లివచ్చాము. మనిషికి 1,200 రూపాయల రుసుములోనే బస, భోజనం, పాటల పుస్తకం కలిసి ఉన్నాయి. రెండో రాత్రి కాసేపు నీళ్లు రాకపోవడం తప్ప వసతికి వంక పెట్టలేము.

సదస్సు మొత్తానికి వన్నె తెచ్చినది రెండో రోజు ఉదయపు బోధ. మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానాన్ని చదివించి, తెల్లవారుజామున వచ్చినవారికీ సాయంత్రం అయిదు గంటలకు వచ్చినవారికీ ఒకే దేనారము, అంటే ఒక రోజు కూలి, ఇవ్వడం అన్యాయమని ఎందరు అనుకుంటున్నారో చేతులెత్తమని బోధకుడు అడిగినప్పుడు, హాలులో సగం చేతులు లేచాయి. వాటిలో నాదీ ఒకటి. ఒప్పుకున్న కూలి పైసా తగ్గకుండా ముట్టినవారికి, ఆలస్యంగా వచ్చినవారిని తమతో సమానం చేయడమే బాధగా తోచిందని ఆయన నెమ్మదిగా చూపించారు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో, తిరిగివచ్చిన తమ్ముడికి విందు చేస్తుంటే తనకు మేకపిల్లనైనా ఇవ్వలేదని తండ్రితో వాదించిన పెద్దకుమారుడిని కూడా అదే వరుసలో నిలబెట్టారు. ఆ ఒక్క గంటకే రుసుము చెల్లిందని నా అభిప్రాయం.

మూడో రోజు సాయంత్రం మాట్లాడినాయన మాత్రం ఈ కట్టడాన్నంతా కూల్చివేశారు. మనం రాజాధిరాజు బిడ్డలం గనుక మంచి ఉద్యోగం, సొంత ఇల్లు, కారు మన హక్కులని, వాటిని గట్టిగా అడిగి తీసుకోవాలని ఆయన చెప్పారు. దేవుడు తన స్వరూపమందు చేసినందువల్ల మనిషికి కలిగిన విలువ దానంగా వచ్చినది. దానిని చూపి దేవునికే బిల్లు వేయడం ఎలా కుదురుతుంది? 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో ఆకలిగొన్నవారికి కూలి దొరికేలా చూసిన ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపి, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించారు. వారిలో అత్యధికులు ఊరి బావిలో చేద వేయనివ్వని మాదిగలు. అటువంటివారితో ‘నీకు విలువ ఉంది’ అనడం వేరు, కారులో వచ్చినవారితో ఇంకా పెద్ద కారు నీ హక్కు అనడం వేరు. ఆ తేడా తెలియవలసిన జిల్లాలోనే అది వినిపించలేదు.

ఇక కూర్చునే ఏర్పాటు. వేదిక ముందు తెల్లబట్ట కప్పిన సోఫాలు, వాటి పక్కన నీళ్ల సీసాలు దాతలకు. వెనుక ప్లాస్టిక్ కుర్చీలు మాబోటివారికి. జనరేటరు పక్కన పరచిన పట్టాలు పాలెం నుంచి నడిచివచ్చినవారికి. మొదటి రోజు చేతికర్రతో వచ్చిన ఒక ముసలమ్మ తెలియక సోఫా మీద కూర్చుంటే, బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రవాడు వచ్చి, “అమ్మా, అది పెద్దవాళ్లది” అని లేపాడు. ఆమె కర్ర తడుముకుంటూ వెళ్లి పట్టా మీద కూర్చున్న పది నిమిషాలకే, బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి మంచి చోటు చూపవద్దనే యాకోబు పత్రిక 2వ అధ్యాయాన్ని అదే వేదిక మీద చదివారు.

నా సంగతీ చెప్పుకోవాలి. బోధకుల బల్ల మీద కోడికూర, మా వరుసకు పప్పు రావడం చూసి, మనమూ రుసుము కట్టినవాళ్లమే కదా అని నేను గొణిగితే, నా భార్య విస్తరి మీది నుంచి తల ఎత్తకుండానే, “మీకూ మేకపిల్ల కావాలా ఏమిటండీ?” అంది.

వెళ్లదలచినవారు రెండో రోజు తప్పకుండా ఉండి, మూడో రోజు మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరవచ్చు. సోఫాలు తీసివేయమని అభిప్రాయ పత్రంలో రాసి ఇచ్చాము. ఈ ఏటి కరపత్రం మొన్ననే అందింది. ముందు వరుస దాతలకు ప్రత్యేకమన్న మాట అందులో అలాగే ఉంది.