షికిమిక్ ఆమ్లమా, కౌమరాయిల్ కోఎంజైమ్-ఎ నా: ఏది కీలకం?

మొక్కల్లో ఫినాలిక్ పదార్థాలు (బెంజీన్ వలయానికి హైడ్రాక్సిల్ అతుక్కున్నవి) తయారయ్యే దారిలో కీలకమైన మధ్యస్థ పదార్థం ఏది? పరీక్షలు దగ్గరపడితే చాలు, విద్యార్థులు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఒక పుస్తకంలో షికిమిక్ ఆమ్లం అని, ఇంకోదాంట్లో పారా-కౌమరాయిల్ కోఎంజైమ్-ఎ అని చదివితే టెన్షన్ రాక మానదు.

షికిమిక్ ఆమ్లానిది పాత పేరు. 1885లో ఎయిక్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని జపాన్‌లో షికిమి అని పిలిచే చెట్టు నుంచి వేరుచేశాడు. ఎరిత్రోస్-4-ఫాస్ఫేట్, ఫాస్ఫోఈనాల్ పైరువేట్ అనే రెండు చిన్న పదార్థాలు కలిసినప్పటి నుంచి, ఆరోమాటిక్ అమైనో ఆమ్లాలకు మూలమైన కోరిస్మేట్ వరకు 7 మెట్లు. అందులో నాలుగో మెట్టు దగ్గర వచ్చేది ఇదే.

నేను చూసేది ఒక్కటే: ఆ పదార్థం అందకపోతే ఏం ఆగిపోతుంది? షికిమిక్ ఆమ్లం లేకపోతే ఫినైలలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే ఆరోమాటిక్ (వలయం ఉన్న) అమైనో ఆమ్లాలు మూడూ ఆగిపోతాయి. అంటే ప్రోటీన్లే తయారుకావు, మొక్క బతకదు. గ్లైఫోసేట్ కలుపు మొక్కల్ని చంపేది ఈ దారికి అడ్డుపడే. కాబట్టి అది మొక్క ప్రాణానికే కీలకం, ఫినాలిక్ పదార్థాలకు ప్రత్యేకం కాదు. కౌమరాయిల్ కోఎంజైమ్-ఎ సంగతి వేరు. అది ఆగిపోయినా ప్రోటీన్ల తయారీకి కావలసిన అమైనో ఆమ్లాలు వస్తూనే ఉంటాయి. ఆగేవి ఫినాలిక్ పదార్థాలే: కాండాన్ని నిలబెట్టి, నీటినాళాలు కుంగకుండా కాపాడే లిగ్నిన్, పూలకు ఎరుపూ నీలమూ ఇచ్చే ఆంథోసయనిన్లు, వాటితోపాటు మిగతా ఫ్లేవనాయిడ్లు. కౌమరాయిల్ కోఎంజైమ్-ఎకి మూడు మలోనైల్ కోఎంజైమ్-ఎ అణువులు జతచేసి చాల్కోన్ సింథేజ్ అనే ఎంజైమ్ ఫ్లేవనాయిడ్ల వైపు తిప్పుతుంది. అవే మూడు అణువులతో స్టిల్బీన్ సింథేజ్ అనే ఇంకో ఎంజైమ్ రెస్వెరట్రాల్ అనే వేరే ఫినాలిక్ పదార్థాన్ని చేస్తుంది. దారులు చీలే కూడలి అదే. అందుకే నా ఓటు దానికి.

ఫినైలలనిన్ నుంచి కౌమరాయిల్ కోఎంజైమ్-ఎకి వెళ్లే దారిలో సిన్నమిక్ ఆమ్లం మధ్యలో ఒక మజిలీ, అంతే. దాన్ని పుట్టించే ఫినైలలనిన్ అమ్మోనియా లయేజ్ అనే ఎంజైమ్‌ను మాత్రం నియంత్రణ గురించి అడిగితే తప్పక రాయాలి.

అయితే కొన్ని టానిన్లకు మూలమైన గాలిక్ ఆమ్లం నా లెక్కకు లొంగదు. అది ప్రధానంగా డీహైడ్రోషికిమేట్ నుంచి, అంటే షికిమిక్ ఆమ్లం కంటే ఒక మెట్టు ముందే విడిపోతుంది. అలాంటి టానిన్లకు షికిమిక్ ఆమ్లం, కౌమరాయిల్ కోఎంజైమ్-ఎ రెండింటి అవసరమూ లేదన్నమాట.

ప్రశ్నలో ఆరోమాటిక్ అమైనో ఆమ్లాలు కనిపిస్తే షికిమిక్ ఆమ్లం రాయండి. ఫ్లేవనాయిడ్లు, లిగ్నిన్ కనిపిస్తే కౌమరాయిల్ కోఎంజైమ్-ఎ రాయండి. లిగ్నిన్ దారిలో ఇంకో అందం ఉంది. అక్కడ కౌమరాయిల్ భాగం మళ్లీ షికిమిక్ ఆమ్లానికే అతుక్కుంటుంది. అలా అతుక్కున్నాకే దాని వలయం మీద రెండో హైడ్రాక్సిల్ చేరుతుంది.