పోతపాలు తప్పనిసరైతే ఏ డబ్బా మేలు?

“ఏ డబ్బా కొనమంటారు?” పసిపిల్లల పోషణ గురించి రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఎదురవుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్ళు చాలావరకు కొత్తగా తండ్రులైనవాళ్ళు. మందుల దుకాణంలో నిలబడి, అద్దాల వెనక పేర్చిన లాక్టోజెన్, నాన్ ప్రో, డెక్సోలాక్, సిమిలాక్, ఆప్టమిల్ డబ్బాల ఫొటో తీసి పంపుతారు. ఒక వరసకూ మరో వరసకూ ధరలో దాదాపు రెట్టింపు తేడా ఉంటుంది. ఆ తేడా దేనికో చెప్పేవాళ్ళు ఉండరు. పసిపిల్లల పాలపొడికి ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు. మంచి చట్టం. డాక్టర్లకూ నర్సులకూ కంపెనీలు కానుకలు ఇవ్వకూడదన్న నిబంధన కూడా అందులోనే ఉంది. కాకపోతే ప్రకటనలు పోయినచోట పక్క మంచం బాలింత మాట, వదినగారి సలహా, దుకాణంలో కుర్రవాడి సిఫారసు వచ్చి కూర్చున్నాయి. “ఖరీదైనది కొనండి, మొదటి బిడ్డ కదా” అంటే కాదనే ధైర్యం ఏ తండ్రికి ఉంటుంది?

తల్లిపాల గొప్పతనం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. డబ్బా కొనబోయే ముందు ఒక్కటి చూసుకోండి. మొదటి వారం దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, పుట్టినప్పటి బరువుకు రెండు వారాల లోపు తిరిగి చేరుకుంటే తల్లిపాలు సరిపోతున్నట్టే. బిడ్డ ఏడుస్తోందనో, రొమ్ములు మెత్తగా ఉన్నాయనో పాలు లేవని తేల్చేయకండి. ఇది చూశాక కూడా డాక్టరు పోతపాలు కావాలన్నారనుకుని మిగతాది రాస్తున్నాను.

ముందుగా చవక వరస, ఖరీదు వరస. లాక్టోజెన్, నాన్ ప్రో రెండూ నెస్లే సరుకే. డెక్సోలాక్, ఆప్టమిల్ రెండూ డానోన్ సరుకే. ఒకే కంపెనీ రెండు ధరల్లో అమ్ముతోందంటే చవకది పనికిరానిదనే అనుమానం సహజం. కానీ మొదటి ఆరు నెలలకు అమ్మే ప్రతి పొడీ ఫుడ్ సేఫ్టీ సంస్థ 2020లో తెచ్చిన ఒకే నిబంధనావళికి లోబడి ఉండాలి. శక్తి ఎంత, ప్రోటీన్ ఎంత, కొవ్వు ఎంత, ఇనుము, విటమిన్లు కనీసం ఎంత ఉండాలో అందులో ఉంది. చవక డబ్బాలో ఇనుము ఉండదు, ఖరీదు డబ్బాలో ఉంటుంది అనేది నిజం కాదు.

మరి తేడా ఎక్కడుంది? ఒకటి, ప్రోటీన్ రకంలో. తల్లిపాలలో తేలిగ్గా అరిగే వే ప్రోటీన్ వాటా ఎక్కువ. ఆవుపాలలో విరిగి గడ్డకట్టే కేసిన్ ఎక్కువ. ఖరీదైన పొడుల్లో వే ప్రోటీన్ విడిగా కలిపి తల్లిపాల నిష్పత్తికి దగ్గరగా తెస్తారు. దీనివల్ల విరేచనం కాస్త మెత్తగా అవుతుంది. కొన్నిటిలో మొత్తం ప్రోటీన్ కూడా తగ్గిస్తారు. అలా తగ్గించిన పాలు తాగిన పిల్లల్లో ఆరేళ్ళ వయసుకు ఊబకాయం తక్కువగా ఉందని యూరప్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. ఇది నిజమైన మేలు, తీసిపారేయలేం. రెండు, పిండిపదార్థంలో. చవక వరసలో కొన్నిటిలో పాలలో సహజంగా ఉండే చక్కెర లాక్టోజ్‌తో పాటు, గంజిపిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ కలుస్తుంది. హాని లేదు గానీ, రెండు డబ్బాలు ఒకే ధరలో ఉంటే పిండిపదార్థం లాక్టోజ్ ఒక్కటే ఉన్నదాన్ని నేను తీసుకుంటాను. మూడు, చేపనూనెలో ఉండేలాంటి ఒమేగా-3 కొవ్వు డీహెచ్ఏ. యూరప్‌లో 2020 నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. అయినా నెలలు నిండి పుట్టిన పిల్లల చూపుకో తెలివికో అది స్థిరంగా మేలు చేస్తుందని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సమీక్షలో తేలలేదు. డబ్బా మీద డీహెచ్ఏ అన్న మాట చూసి మీ ఇంటి బడ్జెట్ మార్చుకోవద్దు.

నా దృష్టిలో తేల్చే విషయం వేరే ఉంది. ఆ పొడిని నెల పొడుగునా పూర్తి కొలతతో కలపగలరా?

లెక్క వేయండి. నాలుగు కిలోల బిడ్డ పూర్తిగా పోతపాల మీదే ఉంటే కిలోకు 150 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు 600 మిల్లీలీటర్లు కావాలి. 100 మిల్లీలీటర్ల పాలకు సుమారు 13 గ్రాముల పొడి పడుతుంది. అంటే రోజుకు దాదాపు 80 గ్రాములు. 400 గ్రాముల ప్యాకెట్టు ఐదు రోజుల్లో అయిపోతుంది, నెలకు ఆరు ప్యాకెట్లు. బిడ్డ ఆరు కిలోలకు వచ్చేసరికి తొమ్మిది దాకా వెళ్తుంది. మొదటి డబ్బా తాతగారు సంతోషంగా కొనిస్తారు. మూడో వారం నుంచి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చాలాచోట్ల చూశాను. డబ్బా అడుగు కనిపిస్తుంటుంది, జీతానికి ఇంకా వారం ఉంటుంది. రెండు చెంచాలు వేయాల్సిన చోట ఒకటిన్నర పడుతుంది. అడిగితే “చిక్కగా ఉంటే అరగదు కదా” అంటారు. ఏ తల్లీ బిడ్డను పస్తు పెట్టాలని అలా చేయదు. కానీ బిడ్డ పొట్ట నీళ్ళతో నిండుతుంది, బరువు ఆగిపోతుంది. మరీ పలచనైతే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పూర్తి కొలతతో కలిపిన చవక పొడి, పలచన చేసిన ఖరీదు పొడి కన్నా అన్ని విధాలా మేలు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఈ మధ్య మా చెల్లెలి కూతురికి పోతపాలు అవసరమైనప్పుడు మేం ఈ లెక్కే వేసుకున్నాం. చవక వరసలోని ఒకటో నంబరు (మొదటి ఆరు నెలలకు అమ్మేది) పొడి, అదీ డబ్బా వద్దని అట్టపెట్టెలో వచ్చే రీఫిల్ తీసుకున్నాం. లోపల పొడి అదే, ధర తక్కువ. డబ్బు ఇబ్బంది లేని ఇల్లయితే వే ప్రోటీన్ ఎక్కువున్న ఖరీదు రకం కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. తల్లిపాలకు తోడుగా రోజుకు రెండుసార్లు 60 మిల్లీలీటర్లు పట్టేవాళ్ళకైతే 400 గ్రాములు మూడు వారాల పైన వస్తుంది. తెరిచిన పొడిని మూడు నాలుగు వారాల్లో వాడేయమని ప్యాకెట్టు మీదే ఉంటుంది కాబట్టి, కలిసొస్తుందని వాళ్ళు పెద్ద ప్యాకెట్టు కొనకూడదు.

కొలచెంచా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కొన్ని రకాలకు 30 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక చెంచా, కొన్నిటికి 60 మిల్లీలీటర్లకు ఒక చెంచా. ఒక డబ్బాలో చెంచా పోయిందని మరో డబ్బా చెంచా వాడితే కొలత సగానికి పడిపోవచ్చు, రెట్టింపూ కావచ్చు. చెంచాలో పొడిని అదిమి నింపకూడదు. వదులుగా తీసుకుని, పైన గోపురంలా నిలిచినదాన్ని శుభ్రమైన కత్తి వీపుతో గీసేయాలి. ముందు నీళ్ళు, తర్వాత పొడి. పొడి వేశాక నీళ్ళు గీత దాకా పోస్తే పాలు చిక్కనవుతాయి. రాత్రి బాగా నిద్రపోతుందని కావాలనే ఒక చెంచా ఎక్కువ వేసే ఇళ్ళున్నాయి. అదీ ప్రమాదమే, బిడ్డ ఒంట్లో నీరు తగ్గి సోడియం పెరిగిపోతుంది.

నీళ్ళ విషయానికి వస్తే, డబ్బాలోని పొడి పూర్తిగా సూక్ష్మజీవులు లేనిది కాదని చాలామందికి తెలియదు. క్రోనోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి అరుదుగా అందులో ఉండి, నెలలోపు పిల్లలకు మెదడు పొరల వాపు తెస్తుంది. అమెరికాలోని మనవాళ్ళకు 2022 గుర్తుండే ఉంటుంది. మిషిగన్‌లో సిమిలాక్ తయారుచేసే అబాట్ ఫ్యాక్టరీలో ఆ సూక్ష్మజీవి బయటపడి పని ఆగిపోతే, దేశమంతా దుకాణాల్లో పాలపొడి అరలు ఖాళీ అయ్యాయి. ఈ సూక్ష్మజీవి ముప్పు వల్లే మరిగించిన నీళ్ళు 70 డిగ్రీల కన్నా చల్లారకముందే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. లీటరు నీళ్ళు మరిగించి దింపాక అరగంట లోపు కలిపితే ఆ వేడి ఉంటుంది. తర్వాత గిన్నెను చన్నీళ్ళలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి, బిడ్డ తాగగా మిగిలినవి అప్పుడే పారబోయాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ప్రొబయోటిక్ కలిపిన పొడుల మీద గోరువెచ్చని నీళ్ళు వాడమని రాసి ఉంటుంది, ఎందుకంటే వేడి నీళ్ళలో ఆ మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. వాటి కోసం ఎక్కువ డబ్బు పెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. రెండు నెలల లోపు బిడ్డకు, నెలలు నిండక పుట్టిన బిడ్డకు నేను వేడి నీళ్ళ వైపే ఉంటాను.

నల్గొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో ఇంకొక జాగ్రత్త. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీరు ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది. పోతపాల బిడ్డకు ఆహారమంతా ఆ నీళ్ళతోనే కాబట్టి నది నీళ్ళో, ఆర్వో నీళ్ళో పట్టి వాటినే మరిగించండి.

పాలు పట్టడానికి సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు. సీసా పాలపీక లోపలి మడతల్లో పాలు ఇరుక్కుని పులుస్తాయి. గిన్నెను వేడి నీళ్ళలో ఉడికిస్తే చాలు.

ఇక గేదెపాలు, ఆవుపాలు. “మేమంతా గేదెపాలు తాగే పెరిగాం” అని నాయనమ్మలు అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ అప్పుడు చిక్కిపోయిన పిల్లల సంగతి ఎవరూ లెక్క రాయలేదు. తల్లిపాలలో ప్రోటీన్ నూటికి ఒక వంతు, ఆవుపాలలో మూడుకు పైన, గేదెపాలలో దాదాపు నాలుగు. ఆ బరువంతా మోయాల్సింది పసి మూత్రపిండాలు. నీళ్ళు కలిపితే ప్రోటీన్‌తో పాటు శక్తీ తగ్గుతుంది, ఇనుము ఎలాగూ చాలినంత ఉండదు. ఆవుపాలు మొదటి నెలల్లో పేగుల నుంచి కంటికి కనపడనంత రక్తం పోయేలా కూడా చేస్తాయి. ఆరు నెలల లోపు ఇది పోటీలోనే లేదు.

విదేశీ డబ్బా గురించి: బంధువులు అమెరికా నుంచో గల్ఫ్ నుంచో రెండు డబ్బాలు తెస్తారు. అవి అయిపోయాక ఏం చేస్తారు? మన చట్టం ప్రకారం డబ్బా మీద పసిపాప బొమ్మ ఉండకూడదు. బొమ్మ ఉన్న డబ్బా మీ వీధి దుకాణంలో కనిపిస్తే అది మన నిబంధనల దారిలో వచ్చింది కాదు, కొనకండి.

సోయా పొడి, లాక్టోజ్ లేని పొడి డాక్టరు చెబితేనే. పుట్టుకతో లాక్టోజ్ పడకపోవడం చాలా అరుదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు సోయా పనికిరాదు. అలాంటి పిల్లలకు ముందు తల్లిపాల బ్యాంకు అడగండి, హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ఉంది.

రెండో నంబరు డబ్బా ఆరు నెలలకు మార్చి తీరాలనేది కూడా లేదు, ఒకటో నంబరుతోనే ఏడాది దాకా వెళ్ళవచ్చు. ఏడాది దాటాక అమ్మే మూడు, నాలుగు నంబర్ల డబ్బాలు అక్కర్లేదు, ఇంట్లో కాచిన పాలు చాలు. మధ్యలో రకం మార్చాల్సి వస్తే కొత్త చెంచా కొలత చదువుకుని మార్చేయండి, నాలుగు రోజులు విరేచనం రంగు మారితే కంగారుపడకండి. విరేచనంలో రక్తం పడినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, తాగిన ప్రతిసారీ వాంతి చేసుకుంటున్నా మరో డబ్బా వెతకడం ఆపి ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.