ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మొబైల్: చాకిరీకి తగ్గ కూలి ఇచ్చే ఆట

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో మన బొమ్మకి చేపలు పట్టే విద్యను 1వ లెవెల్ నుంచి 99కి తేవాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ (పని చేసేకొద్దీ వచ్చే అనుభవం పాయింట్లు) కావాలి. సాల్మన్ చేప ఒక్కదానికి 70 ఇస్తారు. భాగించి చూసుకోండి, లక్షా ఎనభై ఆరు వేల చేపలు. పోనీ 92వ లెవెల్‌కి చేరాక "అమ్మయ్య, ఇంకో ఏడేగా" అనుకుందామంటే, ఎక్స్‌పీ లెక్కలో 92 అంటే సగం దారి. ఇలాంటి ఆటను డబ్బు కట్టి మరీ ఎవరైనా ఆడతారా? నేను ఆడుతున్నాను. పైగా ఇప్పుడు జనం ఆడుతున్న ఆన్‌లైన్ ఆటల్లో న్యాయంగా ఉన్న కొద్దిపాటి వాటిలో ఇదొకటని కూడా అంటాను.

నాది ఒడిశాలోని పర్లాకిమిడిలో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. ఒడియాలో కుల సర్టిఫికెట్లు, ఆదాయం సర్టిఫికెట్లు, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళకి తెలుగులో అర్జీలు. పొద్దున్నంతా గిరాకీ ఉంటుంది, మధ్యాహ్నం ఈగలు తోలుకోవడమే. ఆ టైములో ఫోన్ ప్రింటర్ పక్కన నిలబెట్టి నది ఒడ్డున బొమ్మని వదిలేస్తాను. అది గేలం వేసుకుంటూ ఉంటుంది. సంచిలో 28 గడులు. గేలానికి ఒకటి, ఈకలకి ఒకటి పోగా 26 చేపలు నిండగానే నేను వాటిని పారబోసి మళ్ళీ ఒకసారి తాకాలి. ఈలోగా ఎవరో ఆధార్ కాపీలు రెండు తీయించుకుని వెళ్ళిపోతారు.

మా మేనల్లుడు భువనేశ్వర్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు వాలొరెంట్ అనే తుపాకుల ఆట మనిషి. నా ఫోన్ చూసినప్పుడల్లా ఒకటే మాట: "నువ్వాడేది గేమేటత్తా, కూలిపని." వాడి వాదన కొట్టిపారేసేది కాదు. వాలొరెంట్‌లో నిన్న చేరినవాడికీ నాలుగేళ్ళుగా ఆడుతున్నవాడికీ తుపాకీ ఒకటే, దెబ్బ ఒకటే. డబ్బు పెట్టి కొనేవి ఎక్కువగా రంగులూ మెరుపులే. గెలిచావంటే నీ గురి, నీ బుర్ర. నా ఆటలో అయితే ఎన్ని గంటలు కూర్చుంటే అంత బలం. కూర్చున్నంత మాత్రాన బలం రావడం ఎక్కడి న్యాయం అని వాడి ప్రశ్న.

దీనికి నేను జవాబు చెప్పక్కర్లేదు, వాడు సెలవులకి ఇంటికొస్తే చాలు. హాస్టల్లో ఉన్న ర్యాంకు ఇక్కడికొచ్చిన వారంలో జారిపోతుంది. మా వీధిలో ఫోన్ ఒక గదిలో ఆంధ్ర టవర్ పట్టుకుంటుంది, ఇంకో గదిలో ఒడిశా టవర్. వాన చినుకు పడితే రెండూ ఉండవు. వాలొరెంట్ సర్వర్ ఎవరు ఏం నొక్కారో సెకనుకి 128 సార్లు లెక్క చూసుకుంటుంది. అంటే ఒక్కో లెక్కకీ ఎనిమిది మిల్లీసెకన్లు కూడా లేదు. ముంబయిలో సర్వర్ ఉన్నా మా దాకా వచ్చే తీగ సరిగ్గా లేకపోతే, మూల తిరిగేసరికే అవతలివాడు కాల్చేసి ఉంటాడు. వాడి గురి తగ్గలేదు, బుర్ర తగ్గలేదు, ఊరు మారిందంతే. మంచి మానిటర్, మంచి మౌస్, మంచి లైను, వీటి తర్వాత కదా నైపుణ్యం?

రూన్‌స్కేప్ సర్వర్ మాత్రం 0.6 సెకన్లకి ఒకసారే లెక్క చూస్తుంది. ఆడేవాళ్ళు దాన్ని టిక్ అంటారు. ఆ టిక్ లోపల నువ్వు ముందు నొక్కావా, నేను వెనక నొక్కానా అని పెద్దగా పట్టింపు లేదు. నేను జర్మనీ వరల్డ్‌లో (వరల్డ్ అంటే ఒక సర్వర్) రెండొందల పింగ్‌తో, అంటే కబురు వెళ్ళి రావడానికి రెండొందల మిల్లీసెకన్లు పడుతున్నా, అక్కడి కుర్రాళ్ళ పక్కన నిలబడగలుగుతున్నాను. ఇరవై ఏళ్ళ కిందటి నెట్ కోసం కట్టిన పద్ధతి ఇవాళ మాలాంటి ఊళ్ళకి అక్కరకొచ్చింది.

అసలీ ఆట కథేంటంటే, ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన జాగెక్స్ కంపెనీ పాత రూన్‌స్కేప్‌ని మారుస్తూ పోయి చాలామందిని దూరం చేసుకుంది. చివరికి 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఒకటి బయటికి తీసి 2013 ఫిబ్రవరిలో వేరే ఆటగా వదిలింది. ఫోన్లలోకి 2018 అక్టోబరులో వచ్చింది. పీసీలో ఆపినచోట ఫోన్లో మొదలుపెట్టొచ్చు. కొత్తగా పెద్దదేది చేర్చాలన్నా మామూలుగా ఆటగాళ్ళ ఓటుకి పెడతారు. మొదట్లో 75 శాతం ఒప్పుకోవాలి, తర్వాత దాన్ని 70 చేశారు. 2025 నవంబరులో సెయిలింగ్ అనే 24వ విద్య వచ్చింది కూడా ఇలా ఓట్లు దాటుకునే.

ఈ ఓటు సంగతి నాకెందుకు ముఖ్యమో చెప్పాలి. దీనికి ముందు నేనొక కార్డుల యుద్ధం ఆట ఆడేదాన్ని, పేరెందుకు లెండి. అందులోనూ లెవెళ్ళే. కార్డులన్నీ పైమెట్టుకి తెచ్చుకుని హమ్మయ్య అనుకునే వేళకి పైన ఇంకో మెట్టు కట్టారు. దానితో నా కార్డులు ఒక్క రాత్రిలో తక్కువ రకమయ్యాయి. కష్టపడి తెచ్చుకున్నవి బలహీనపడ్డాయి, బలపడాలంటే పక్కనే ఆఫర్ ప్యాకు. దాన్ని గ్రైండ్ (చాకిరీ) అనడం కూడా తప్పే, అది వడ్డీ వ్యాపారం. రూన్‌స్కేప్‌లో సెయిలింగ్ వచ్చినప్పుడు అన్నీ 99 చేసుకున్నవాళ్ళకి కొత్త పని పడింది నిజమే. కానీ వాళ్ళ పాత 99 ఒక్కటి కూడా చిన్నదైపోలేదు. ఓడ ఎక్కడం ఇష్టం లేనివాళ్ళు ఒడ్డునే ఉండిపోవచ్చు.

ఇక నైపుణ్యం మాటకొద్దాం. మేనల్లుడి నోరు కాసేపు మూయించింది జాడ్ అనే రాక్షసుడు. ఫైట్ కేవ్స్ అని ఒక గుహ ఉంది, 63 వేవ్‌లు, అంటే విడతలుగా మీదపడే రాక్షసుల గుంపులు. గంట దాకా పడుతుంది. (మధ్యలో గిరాకీ వస్తే లాగౌట్ నొక్కితే చాలు, ఆ వేవ్ అయ్యాక బయటికి పంపి, మళ్ళీ వచ్చినప్పుడు తర్వాతి వేవ్ నుంచి మొదలుపెడుతుంది. షాపు వాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి!) చివరి వేవ్‌లో వచ్చేవాడు జాడ్. వాడి దెబ్బ 97 దాకా పడుతుంది. ఆటలో ఎవరికైనా ప్రాణం లెవెల్ గరిష్ఠంగా 99. అంటే నేను ఎన్ని లక్షల ఎక్స్‌పీ పోగేసినా వాడి దగ్గర రెండో దెబ్బకి ఉండను. తప్పించుకునే దారి ఒకటే. వాడు వెనక కాళ్ళ మీద లేచి నిలబడితే మంత్రం దెబ్బ, ముందు కాళ్ళు నేలకేసి కొడితే రాయి దెబ్బ. చూసిన వెంటనే దానికి తగిన రక్షణ ప్రార్థన మార్చాలి. సరిగ్గా మారిస్తే దెబ్బ సున్నా. తప్పు నొక్కితే మళ్ళీ మొదటి వేవ్. వాడి ప్రాణం సగానికి రాగానే నలుగురు వైద్యులు ఊడిపడి వాడికి నయం చెయ్యడం మొదలుపెడతారు. వాళ్ళని ఒక్కొక్కరినీ తాకి మన మీదకి తిప్పుకోవాలి, అదే సమయంలో కళ్ళు జాడ్ కాళ్ళ మీద నుంచి తియ్యకూడదు. టెన్షన్‌కి నా వేళ్ళు చెమటపట్టి స్క్రీన్ మీద జారాయి. గెలిస్తే వచ్చే ఎర్రటి ఫైర్ కేప్‌ని అమ్మలేం, కొనలేం. ఎవరి భుజాన ఉందో వాళ్ళు జాడ్‌ని చూసొచ్చారన్నమాట. అతి తక్కువ లెవెల్ ఖాతాలతో దాన్ని తెచ్చినవాళ్ళూ ఉన్నారు, అన్నీ ఉన్నా తేలేనివాళ్ళూ ఉన్నారు. ఇక్కడ చాకిరీ గుహ దాకా తీసుకెళ్తుంది. లోపల చెయ్యాల్సింది మనమే.

చాకిరీలో కూడా పనితనం ఉంది. అదే చేపల్ని మూడు టిక్‌లకొకటి వచ్చేలా చేతులాడించి పట్టేవాళ్ళకి గంటకొచ్చే ఎక్స్‌పీ నాకన్నా చాలా ఎక్కువ. నేను ఆ జోలికి పోను. కౌంటర్ మీద మనిషి నిలబడి ఉండగా తాళం తప్పకుండా స్క్రీన్ కొట్టడం నా వల్ల కాదు.

డబ్బు వాసన అస్సలు లేదంటే అబద్ధం. 2015 నుంచి బాండ్ అని ఒకటి అమ్ముతున్నారు. అసలు డబ్బుతో కొని ఆటలో బంగారానికి అమ్ముకోవచ్చు, కొన్నవాళ్ళు దాన్ని 14 రోజుల చందాగా మార్చుకోవచ్చు. ఎక్స్‌పీ నేరుగా అమ్మరు. కానీ ఇళ్ళు కట్టే విద్య, ప్రార్థన, మూలికల విద్య లాంటివి సరుకు కొని పోస్తే పెరిగేవే, కాబట్టి జేబు బరువుంటే ఆ దారి పొట్టిదవుతుంది. ఇది నచ్చనివాళ్ళకి 2014లోనే ఐరన్‌మ్యాన్ ఖాతా పెట్టారు. తోటి ఆటగాళ్ళెవరి దగ్గరా కొనకూడదు, వాళ్ళెవరూ ఇవ్వకూడదు, కత్తి నుంచి కూర దాకా అన్నీ సొంతంగా సంపాదించుకోవాలి. న్యాయం మీద అంత పట్టుదల ఉన్నవాళ్ళకి అది సరైన చోటు. నాకు అంత ఓపిక లేదు.

నాకు అసలైన అన్యాయంగా కనబడేది గ్రైండూ కాదు, డబ్బూ కాదు, అదృష్టం. అబిసల్ విప్ అనే కొరడా కావాలంటే రాక్షసుల్ని వేటాడే స్లేయర్ విద్య 85కి తెచ్చి అబిసల్ డీమన్లని చంపాలి. 512లో ఒకటి చొప్పున పడుతుందంటారు. 512 చంపితే ఒకటి ఖాయం అనుకుంటారు కొత్తవాళ్ళు. లెక్క అలా ఉండదు. అన్నీ చంపాక కూడా వందలో దాదాపు 37 మందికి రాదు. పదోదాన్ని చంపగానే వచ్చినవాడూ, వెయ్యి చంపినా రానివాడూ ఒకే 85 దాటొచ్చారు. పనితనానికీ తేడా లేదు, చాకిరీకీ తేడా లేదు. మామూలు ఖాతా అయితే బజారులో కొనుక్కుంటాం, ఐరన్‌మ్యాన్ ఏం చేస్తాడు పాపం!

ఇక టైము. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఉన్న ఖాళీ నాకు లేదు. 2024లో సుభద్ర యోజన ఫారాలు మొదలైనప్పుడు మా షాపు ముందు పొద్దున షట్టరు ఎత్తకముందే ఆడవాళ్ళు కూర్చునేవారు. ఆ రోజుల్లో నా బొమ్మ ఒక్క చేప పట్టలేదు. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్షం ఆట 2003లోనే దీనికొక ఉపాయం చేసింది. అక్కడ విద్యలు గడియారాన్ని బట్టి పెరుగుతాయి, ఆట మూసేసి పడుకున్నా సరే. కానీ 2016లో ఆ విద్యని ఇంజెక్టర్లలో నింపి అమ్ముకునే పద్ధతి తెచ్చి ఆ అందం పోగొట్టుకున్నారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వాళ్ళు తయారీ దశలో ఎక్కువసేపు ఆడినవాళ్ళకి ఎక్స్‌పీ సగం కోశారు. జనం మండిపడ్డారు. అదే లెక్కని తిప్పి రాసి, విశ్రాంతి తీసుకున్నవాళ్ళకి రెట్టింపు అన్నారు. అందరూ సంతోషం! రూన్‌స్కేప్‌లో ఇలాంటి ఓదార్పులేవీ లేవు. రోజుకి పదహారు గంటలు ఆడేవాడు నాకన్నా ఎప్పుడూ ముందే ఉంటాడు. ఉండనీ. వాడి 99 వల్ల నా 80కి వచ్చిన నష్టం లేదు, నా చేప నా దగ్గరే ఉంది.

నష్టం వచ్చే చోటు ఒకటే, వైల్డర్‌నెస్. అక్కడ మనుషులు మనుషుల్ని చంపి సామాను ఎత్తుకుపోతారు. పదో మెట్టు లోతులో ఉంటే కాంబాట్ (పోరాట) లెవెల్ పది తేడా ఉన్నవాళ్ళే నీ మీద పడగలరు, లోపలికి పోయేకొద్దీ తేడా పెరుగుతుంది. వినడానికి ధర్మంగానే ఉంది. అయితే డిఫెన్స్ ఒకటి దగ్గరే ఆపేసి బలం మాత్రం పెంచుకునే ప్యూర్ ఖాతాలని ఒక జాతి ఉంది. అంకె చిన్నది, దెబ్బ పెద్దది. సమానంగా కనిపించడానికే నెలల తరబడి చాకిరీ చేస్తారు! గిల్డ్ వార్స్ 2లో పోటీ మైదానంలోకి దిగగానే అందరినీ 80వ లెవెల్ చేసి సమానమైన సామాను ఇస్తారు. మనుషుల మధ్య పోరుకి అదే సరైన పద్ధతని నా అభిప్రాయం. ఆ విషయంలో మా మేనల్లుడి పక్షానే ఉంటాను. వైల్డర్‌నెస్‌లోకి నేను వెళ్ళను, వెళ్ళాల్సొస్తే ఖరీదైనవన్నీ బ్యాంకులో పెట్టే వెళ్తాను.

ఫోన్లో ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. అక్షరాలు చిన్నవి, నలభై దాటిన కళ్ళకి కష్టం. బొమ్మలు 2007 నాటివే, ముక్కూ మొహం తెలియవు. గుంపులో చేపని తాకబోతే పక్కవాడి మీద పడుతుంది. బంగారం అమ్ముకునే బాట్‌లు (మనిషి బదులు ప్రోగ్రాం ఆడే ఖాతాలు) ఉచిత వరల్డ్‌లలో దండిగా కనిపిస్తాయి. తెలుగు, హిందీ లేవు, క్వెస్ట్‌లకి (కథలా సాగే పనులకి) కాస్త ఇంగ్లీషు చదవగలగాలి. డేటా మాత్రం చాలా తక్కువ తింటుంది, పాత ఫోన్లో కూడా నడుస్తుంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఒకటీ విప్ ఖాతాలో రాసుకోండి.

కొత్తగా దిగేవాళ్ళు ముందు ఉచితంగా ఆడండి, 15 విద్యలు ఉంటాయి. నచ్చితేనే చందా. చందా కట్టిన రోజే చేపలకీ చెట్లకీ పోకుండా వాటర్‌ఫాల్ క్వెస్ట్ చెయ్యండి. అందులో ఎవరినీ చంపక్కర్లేదు. దారి తెలుసుకుని, తిండి పెట్టుకుని, రాక్షసుల పక్కనుంచి పరిగెత్తితే చాలు. చివర్లో అటాక్‌కీ స్ట్రెంగ్త్‌కీ చెరో 13,750 ఎక్స్‌పీ ఇస్తారు. రెండూ ఒకటి నుంచి ఏకంగా 30కి వెళ్తాయి. కోడినీ ఆవునీ కొట్టుకుంటూ కూర్చునే పని తప్పుతుంది.