మెరుగుదల ప్రణాళిక శిక్షణ: సలహాదారుకు తొంభై, యాప్‌కు పదిహేను

ఆదోని డివిజన్‌లో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. అంతకుముందు చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను కాబట్టి కాగితం ఏది చేతికొచ్చినా ముందు ఎర్ర పెన్ను వెతుక్కోవడం అలవాటు. ఈసారి దిద్దబోయేది పిల్లల పేపరు కాదు. మా వైపు కొన్ని ప్రభుత్వ బడులకు ఒక శిక్షణ సంస్థ ఏడాది పాటు అందించిన ‘నిరంతర మెరుగుదల ప్రణాళిక’ సేవ. డబ్బు ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధుల నుంచి వచ్చింది. బడి పైసా కట్టలేదు. ఉచితంగా వచ్చినదాన్ని తూచడం ఎందుకని తోటి ప్రధానోపాధ్యాయుడు ఒకాయన అన్నారు. “శిక్షణ జరిగిన రెండు రోజులూ మీ తరగతులకు పాఠాలు ఎవరు చెప్పారు సార్?” అని అడిగాను. మాట మార్చారు.

సేవలో ఉన్నవి కర్నూలులో రెండు రోజుల శిక్షణ, ఒక పని పుస్తకం, ఫోనులో యాప్, నెలకోసారి బడికి వచ్చి కూర్చునే సలహాదారు. శిక్షణ కొండారెడ్డి బురుజుకు దగ్గరలోని ఒక హాల్లో జరిగింది. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టారు. ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు. ఇక మీదట కొంచెం గట్టిగా దిద్దుతాను.

పద్ధతి అంతుపట్టనిదేమీ కాదు. ఒక చిన్న మార్పు అనుకోవాలి, కొద్దిమందితో చేసి చూడాలి, ఏం జరిగిందో లెక్క చూసుకోవాలి, దాన్నిబట్టి కొనసాగించాలో మార్చాలో తేల్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి. అమెరికా గణాంక నిపుణుడు డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజినీర్లకూ పరిశ్రమల అధిపతులకూ చెప్పిన పాఠాలతో బాగా ప్రచారంలోకి వచ్చిన ఆలోచన ఇది. ఫ్యాక్టరీలు దాటి ఆసుపత్రులకూ బడులకూ వచ్చింది. అమెరికాలో మాల్కం బాల్డ్రిజ్ పేరిట నాణ్యతకు ఇచ్చే జాతీయ పురస్కారాన్ని 1999 నుంచి విద్యాసంస్థలకూ తెరిచారు. 2001లో దాన్ని అందుకున్న తొలి విద్యాసంస్థల్లో అలాస్కాలోని చుగాచ్ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఒక ప్రాంతపు బడులను కలిపి నడిపే సంస్థ, ఒకటి. శిక్షకుడు తెరమీద దాన్ని చూపించినప్పుడు నేను నిటారుగా కూర్చున్నాను. అప్పుడు అక్కడ మొత్తం విద్యార్థులు 214 మంది. మా బడిలోనూ అటూ ఇటూగా అంతే. కాకపోతే వాళ్లు 22,000 చదరపు మైళ్లలో చెల్లాచెదురుగా ఉన్నారు. కొన్ని ఊళ్లకు విమానంలోనో పడవలోనో వెళ్లాలి. మాకు మూడు ఊళ్లు, ఒక ఆటో. ఆ తర్వాత 2010లో అదే పురస్కారం పొందిన మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ స్కూల్ డిస్ట్రిక్ట్ గురించి చాలాసేపు చెప్పారు. అక్కడ లక్షా నలభై వేలకు పైగా విద్యార్థులు.

వింటూ ఉంటే బాగానే ఉంది. కానీ అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే సాధారణంగా ఎన్నికైన బోర్డు ఉంటుంది, సొంత బడ్జెట్ ఉంటుంది, సూపరింటెండెంట్‌ను ఆ బోర్డే నియమిస్తుంది. టీచర్‌ను ఎక్కడ వేయాలో, డబ్బు దేనికి పెట్టాలో అక్కడే తేలుతుంది. ఇక్కడ టీచర్ల బదిలీలు నా చేతిలో లేవు, పాఠ్యపుస్తకాలు నా చేతిలో లేవు. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల ప్రకారం 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి కాంపోజిట్ గ్రాంటు 50,000 రూపాయలు. అందులో కనీసం పది శాతం పారిశుద్ధ్యానికి పోవాలి. సుద్దముక్కల నుంచి రిపేర్ల వరకు మిగిలినదాంట్లోనే. “ఈ మాత్రం చేతిలో ఉన్నవాళ్లు ఎంత ప్రణాళిక వేయగలరు?” అని లేచి అడిగాను. శిక్షకుడు తడుముకోలేదు. “చేతిలో ఉన్నదాని మేరకే వేయండి మేడం. ఒకే ఒక్క సమస్య తీసుకోండి” అన్నారు. రెండు రోజుల్లో నాకు బాగా పనికొచ్చిన మాట అది. శిక్షణకు నూటికి ఎనభై.

ప్రణాళిక రాయడం మనకు కొత్తేమీ కాదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టంలోని 22వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీయే బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలంటుంది. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలి. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లోనైతే మూడేళ్లకు ఒక ప్రణాళిక, అందులో ఏడాదికొక ఉప ప్రణాళిక, అదీ ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం కావాలని ఉంది. చదవడానికి చక్కటి చట్టం. నేను చూసిన బడుల్లో చాలాచోట్ల ఆ ప్రణాళిక అంటే గదులు, మరుగుదొడ్లు, ప్రహరీ, బెంచీల పట్టిక. సంతకాలు ఒక రోజు, బీరువా మిగతా రోజులు. పిల్లలు ఏం నేర్చుకున్నారు, ఎవరు ఎందుకు రావడం లేదు అన్న గడులు ఉంటే ఉంటాయి.

రెండో రోజు చేపముల్లు ఆకారంలో కారణాల పటం గీయించారు. మా బల్ల దగ్గర తీసుకున్న సమస్య వలస. ఆదోని, కోసిగి, పెద్దకడబూరు వైపు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. వర్షాన్ని నమ్ముకున్న భూములు. పత్తి తీతలు అయ్యాక చేతికి పని ఉండదు. కుటుంబాలు మూటలు సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకు వెళతాయి, పిల్లలూ వెంట వెళతారు. ఉగాది దగ్గరపడ్డాక తిరిగొస్తారు. అప్పటికి మా పాఠాలు అయిపోయి ఉంటాయి, ఒంటిపూట బడులు మొదలై ఉంటాయి. ఇదంతా ఎందుకు జరుగుతోందో రాయమంటే హాల్లో దాదాపు ప్రతి బల్ల మీదా ఒకటే వాక్యం: తల్లిదండ్రులకు అవగాహన లేదు. శిక్షకుడు ఆ వాక్యాలన్నీ కొట్టేసి, “ఇది కారణం కాదు, తీర్పు. వెళ్లి అడిగి రండి” అన్నారు. కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది.

వచ్చాక అడిగాం. మా కమిటీ చైర్‌పర్సన్ తానే ఏటా కోతలకు వెళ్లే మనిషి. సలహాదారు, నేను ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని కదిపితే, “తెలియక కాదు మేడం. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక ఆగడానికి ఉండదు. చిన్నదాన్ని చంకలోంచి దించి కాయ కోయాలంటే పెద్దది పక్కన ఉండాలి. పోనీ పెద్దదాన్ని అవ్వ దగ్గర వదిలామనుకోండి, మధ్యాహ్నం బడిలో తింటుంది సరే, రాత్రికి?” అన్నారు. ఐదుసార్లు ‘ఎందుకు’ అని అడుగుతూ పోవాలని పని పుస్తకంలో పేజీలకు పేజీలు ఉంది. ఆమెకు ఒక్కసారి అడిగితే సరిపోయింది.

అక్కడి నుంచి మా ప్రణాళిక ఒక్క వాక్యానికి దిగింది. దసరా సెలవులు ముగిసేలోపు ఏ ఇంటి నుంచి ఎవరు ఎప్పుడు వెళతారో, ఇంట్లో ఎవరు మిగులుతారో పేరుపేరునా రాసుకోవాలి. వలస కుటుంబాల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. కానీ తలుపుకు తాళం పడ్డాక రాసుకున్న జాబితాతో ఏ హాస్టలూ ఏమీ చేయలేదు. మొదట ఒక్క ఏడో తరగతితో, ఒక్క ఊరితో చేసి చూడమన్నారు సలహాదారు. అవ్వా తాతా ఉన్న ఇళ్లు ఒకవైపు, ఎవరూ ఉండని ఇళ్లు ఒకవైపు రాశాం. ఈ పనికి తెలుగు టీచర్‌ను, బడిలో వంట చేసే ఆవిడను జోడీగా పెట్టాను. వంటావిడకు తెలియని ఇల్లు ఆ ఊళ్లో లేదు. జాబితాలో మేం రాసిన తప్పులు ఆవిడే దిద్దారు. రెండు వారాలయ్యాక కూర్చుని చూసుకుంటే, టీచర్లు ఫోనులో అడిగి రాసిన వివరాలు చాలావరకు తేలిపోయాయి, ఇంటికి వెళ్లి అడిగినవి నిలిచాయి. మిగతా ఊళ్లకు ఫోన్లు మానేశాం. చిన్న దిద్దుబాటే. కానీ జూన్‌లో రాసి బీరువాలో పెట్టే కాగితంలో దీనికి చోటుండదు.

జనవరిలో ఏడో తరగతి బెంచీలు అంతకుముందు ఏడాదంత ఖాళీగా లేవు. కొందరు హాస్టల్లో చేరారు, కొందరు అవ్వల దగ్గర ఆగారు. తొమ్మిదో తరగతి మగపిల్లల విషయంలో మాత్రం ఏమీ మారలేదు. ఆ వయసు కుర్రాడు కోతకు వెళితే ఇంటికి ఇంకో కూలి వస్తుంది. మా జాబితా ఆ కూలికి పోటీ ఇవ్వలేదు. ఆ సంగతీ అలాగే రాశాం.

సలహాదారు గురించి చెప్పాలి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆ అబ్బాయికి. వచ్చినప్పుడల్లా మూడే ప్రశ్నలు: ఏం చేస్తామన్నారు, ఏం జరిగింది, వచ్చే నెలకు ఏం మారుస్తారు. ఫొటోలు తీయలేదు, బ్యానరు కట్టమనలేదు, శాలువా కప్పబోతే వద్దన్నాడు. 2024 డిసెంబర్ 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నింటిలో ఒకే రోజు తల్లిదండ్రుల, టీచర్ల మెగా సమావేశం పెట్టారు. అలాంటి పెద్ద రోజుల్లో బడి నిండా జనం, ముగ్గులు, ఆటలు, చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. ఏడో తరగతి పిల్ల రాత్రి ఏం తింటుందన్న మాట మాత్రం మైకు ముందు రాదు, అరుగు మీదే వస్తుంది. అబ్బాయికి తొంభై. మిగతా పది సంస్థకు కోశాను: ఏడాది మధ్యలో అతన్ని వేరే చోటికి పంపేశారు, కొత్తగా వచ్చిన అమ్మాయికి మా కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

పని పుస్తకానికి నలభై. బడుల వివరాలుంచే ప్రభుత్వ వెబ్‌సైటు యూడైస్ ప్లస్‌లో ఎప్పుడో ఎక్కించిన వివరాలను మళ్లీ చేత్తో నింపమనడం ఏం న్యాయం?

ఇక యాప్. హాజరు లక్ష్యం శాతంలో వేయాలి, నెలనెలా లెక్క ఎక్కించాలి. లక్ష్యానికి దగ్గరగా ఉంటే ఆకుపచ్చ, తగ్గితే పసుపు, ఇంకా తగ్గితే ఎరుపు. జనవరిలో వలస ప్రాంతపు బడి ఎర్రబడకుండా ఎలా ఉంటుంది? నిరుటికన్నా మెరుగైనా ఎర్రబడింది, ఎందుకంటే యాప్ మమ్మల్ని పోల్చేది నిరుటి జనవరితో కాదు, 95 శాతంతో. మర్నాడే పైనుంచి ఫోను: “మీ బడి ఎరుపులో ఉందేమిటి మేడం?” వివరంగా చెప్పాను. ఓపికగా విని, “సరే, కాస్త చూసుకోండి” అన్నారు. ఎర్రబడిన బడులన్నింటికీ ఆ ఫోను వచ్చిందట. ఫిబ్రవరికి మా చుట్టుపక్కల బడులు చాలావరకు ఆకుపచ్చగా మారిపోయాయి. మిరప తోటల నుంచి పిల్లలు తిరిగి రాలేదు, రంగు మాత్రం వచ్చేసింది.

శిక్షణలో డెమింగ్ పేరు పదేపదే తలచుకున్నారు. ఆయన యాజమాన్యాలకు చెప్పిన పద్నాలుగు సూత్రాల్లో ఎనిమిదోది, పనిచేసేచోట భయం లేకుండా చేయమని. యాప్ తయారు చేసినవారు ఆ పాఠానికి గైర్హాజరైనట్టున్నారు. హాల్లో ‘నిజం రాయండి’ అని నేర్పి, రాసిన నిజానికి తెల్లారేసరికి సంజాయిషీ అడిగే పరికరాన్ని చేతిలో పెట్టారు. బడి తన కోసం రాసుకునే లెక్కనూ తనిఖీకి చూపే లెక్కనూ ఒకే తెరమీద పెడితే మొదటిది బతకదు. అందుకే మా వలస జాబితాను యాప్‌లో ఎక్కించలేదు. అది రూళ్ల నోటుపుస్తకంలో, తెలుగు టీచర్ బల్ల సొరుగులో ఉంది.

ఆ యాప్‌లోనే జిల్లా సగటు గ్రాఫు ఒకటుంది. 2022 దగ్గర గీత ఒక్కసారిగా విరుగుతుంది. ఒక సమీక్షలో సంస్థ నుంచి వచ్చిన నిపుణుడు దాన్ని చూపించి, ఆ ఏడాది మీరు ఏం మార్చారని అడిగారు. బడుల్లో మేం మార్చిందేమీ లేదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల మా కర్నూలు నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె బడులు లెక్కలోంచి వెళ్లిపోయాయి, సగటులో మా పడమటి మండలాల బరువు పెరిగింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం, అప్పటి ఆంధ్రప్రదేశ్ సగటు 67. ఆ వెనుకబాటు జిల్లా అంతటా సమానంగా పరచుకుని లేదని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. సరిహద్దు జరిగితే సగటు జరుగుతుంది. ఇది హైస్కూలు లెక్కే. వారాలవారీగా హాజరు గీసి చూపించే ఒక్క పేజీ బాగుంది కాబట్టి యాప్‌కు పదిహేను వేశాను, లేకపోతే అవీ లేవు.

నాలుగూ కూడి భాగిస్తే యాభై ఆరుంపావు. కానీ ఈ సేవను సగటుతో కొలవడం తప్పు, ఎందుకంటే ముక్కలుగా తీసుకోవచ్చు. మీ మండలానికి వస్తే శిక్షణకు వెళ్లండి, సలహాదారును రమ్మనండి, ఏడాది పొడవునా ఒక్క మనిషినే పంపాలని ముందే మాట తీసుకోండి. యాప్ తప్పనిసరి అంటే అందులో ఎక్కించేది ఎవరెవరు చూస్తారో కాగితం మీద రాయించుకోండి, నిరుటి అదే నెలతో పోల్చే ఏర్పాటు పెట్టమనండి. ఇంకొకటి. మాకు శిక్షణ జూన్‌లో పెట్టారు, ప్రవేశాలూ పుస్తకాల పంపిణీతో తలెత్తే తీరిక లేని నెల. మా వైపు బడులకైతే ఆగస్టులో పెట్టించుకోండి. పత్తి తీతలు మొదలయ్యేసరికి జాబితా మొదటి ప్రతి చేతిలో ఉండాలి, సీజనల్ హాస్టల్ ప్రతిపాదన దాని వెంటే వెళ్లాలి.