ప్రయాణంలో తేలే కెమెరా సత్తా: సైలెంట్ షట్టర్‌తో మొదలుపెట్టి

మ్యూజియంలో ఫోటోలు తీసుకోనిస్తారు, చప్పుడు మాత్రం చెయ్యొద్దంటారు. చేతిలో పెద్ద మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకునే రకం) ఉంది, అందులో చప్పుడు చేయని సైలెంట్ షట్టర్ ఉంది, ఇంకేం కావాలి? తీరా రాత్రికి బసకు చేరి లాప్‌టాప్‌లో చూస్తే గోడల మీదా విగ్రహాల మీదా అడ్డంగా నల్ల చారలు. కెమెరా వెనక చిన్న తెర మీద అవి సరిగా ఆనవు. ఊరు దాటేశాక మళ్లీ వెళ్లి తీసే వీలూ ఉండదు. మెగాపిక్సెళ్ల గురించి పేజీలు రాసే సమీక్షలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేయడం అన్యాయం.

సైలెంట్ షట్టర్ అంటే ఎలక్ట్రానిక్ షట్టరే. అది వెలుగును పట్టే సెన్సర్ మొత్తాన్ని ఒక్కసారిగా చదవదు. ఒక్కో వరసా చదువుకుంటూ పైనుంచి కిందికి వస్తుంది. మామూలు ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మంత) సెన్సర్‌కు ఇందుకు 1/20 సెకను పట్టిందనుకుందాం. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే నాసిరకం ఎల్‌ఈడీ దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. చదవడం పూర్తయ్యేలోపు దీపం 5 సార్లు వెలిగి మసకబారుతుంది కాబట్టి ఫోటోలో 5 చారలు పడతాయి. మెకానికల్ షట్టర్ తెర దాదాపు 1/250 సెకనులో ఫ్రేము దాటేస్తుంది. అందుకే అక్కడ ఇన్ని చారలు రావు, మహా అయితే ఫ్రేములో ఒక పక్క కాస్త మసకబారుతుంది, లేదా ఒక ఫోటో వెలుగుగా, తర్వాతది మసకగా వస్తుంది.

విరుగుడు తేలికే. షట్టర్ వేగాన్ని 1/100 లేదా 1/50కి కట్టేయాలి. 60 హెర్ట్జ్ కరెంటున్న దేశాల్లో 1/60 లేదా 1/125. అప్పుడు ప్రతి వరసకూ మినుకు మొత్తం అందుతుంది, చారలు పోతాయి. డిమ్మర్‌తో వెలుగు తగ్గించిన ఎల్‌ఈడీల్లో కొన్ని మాత్రం ఇంతకంటే ఎన్నో రెట్లు వేగంగా మినుకుతూ సన్నని గీతలు వేస్తాయి. వాటికి షట్టర్ వేగాన్ని దశాంశాల్లో సవరించుకునే సౌకర్యం కావాలి. కెమెరా ఎంచుకునేటప్పుడు మెనూలో అది ఉందో లేదో చూడండి. కొత్త గదిలో అడుగుపెట్టగానే సైలెంట్‌లో 1/1000 దగ్గర ఒక ఫోటో తీసి, 100 శాతం జూమ్ చేసి గోడను చూస్తే దీపాల సంగతి తేలిపోతుంది.

రైలు కిటికీలోంచి తీస్తే స్తంభాలు పక్కకు వాలిపోవడానికీ ఈ వరసవారీ చదవడమే కారణం. అక్కడ మెకానికల్ షట్టరే వాడాలి. తిరిగే ఫ్యాన్‌ను సైలెంట్‌లో తీసి చూడండి. రెక్కలు ఎంత వంకరపోతే సెన్సర్ అంత నెమ్మది. స్టాక్డ్ సెన్సర్లు (చదివే వేగం పెరగడానికి సర్క్యూట్లను పొరలుగా పేర్చినవి) ఈ బాధను చాలావరకు తీర్చాయి. 2021లో వచ్చిన నికాన్ జడ్9లో మెకానికల్ షట్టరే లేదు. 2023లో ప్రకటించిన సోనీ ఏ9 త్రీలోని గ్లోబల్ షట్టర్ ఫ్రేమంతా ఒకేసారి పట్టేస్తుంది కానీ దాని కనీస ఐఎస్‌వో (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి, పెరిగేకొద్దీ ఫోటోలో గరుకు పెరుగుతుంది) 250. ప్రయాణాల్లో ఎక్కువగా లోపలి దృశ్యాలు తీసేవాళ్లు డబ్బు పెట్టాల్సింది మెగాపిక్సెళ్ల మీద కాదు, సెన్సర్ చదివే ఈ వేగం మీద.

నిజంగా మనసు నింపేది బాడీలోని స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకును సర్దే ఏర్పాటు. ట్రైపాడ్ విప్పి బిగించేసరికి చీకటి పడుతుంది, తోడొచ్చినవాళ్ల మొహాలు మాడిపోతాయి. చాలాచోట్ల ట్రైపాడ్‌ను అసలు లోపలికే రానివ్వరు. 24 ఎంఎం లెన్సుతో 1/25 సెకను దగ్గర చెయ్యి నిలిచేవాళ్లకు నిజంగా నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకు సమయం రెట్టింపు) దక్కితే 16 రెట్లు, అంటే దాదాపు 0.6 సెకన్లు. 3200 ఐఎస్‌వో అడిగే సాయంత్రం 200తో గడిచిపోతుంది. పెట్టె మీద రాసిన ఏడెనిమిది స్టాపుల లెక్కను అలాగే నమ్మొద్దు. ఒక్కో వేగం దగ్గర పదేసి ఫోటోలు తీసి, ఎనిమిది స్పష్టంగా వచ్చినదే మీ చేతికి సరైన హద్దు అనుకోండి. నడిచే మనుషులు ఎలాగూ చెదురుతారు, దానికి స్టెబిలైజేషన్ ఏమీ చేయలేదు.

ఫోకస్ గురించి చెప్పేదేం లేదు. ఈ తరగతి కెమెరాల్లో కంటిని పట్టుకోవడం బాగానే ఉంటుంది.

బసలో చూడాల్సింది ఛార్జింగ్. గది తాళం కార్డు తీయగానే కరెంటు పోయే హోటళ్లలో బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టి బయటికెళితే తిరిగొచ్చేసరికి అది ఎక్కడిదక్కడే ఉంటుంది. అందుకే యూఎస్‌బీ-సీతో పవర్‌బ్యాంక్ నుంచి ఛార్జయ్యే కెమెరా మేలు. ఆన్‌లో ఉండగా కొన్ని కెమెరాలు కరెంటు తీసుకుంటాయే గానీ బ్యాటరీని నింపవు. ఆ తేడా కొనకముందే కనుక్కోవాలి. విమానంలో విడి బ్యాటరీలు చేతి సంచిలోనే, టెర్మినళ్లు కప్పి ఉంచాలి. అనుమతి అడగక్కర్లేని హద్దు 100 వాట్ అవర్లు. 7.2 వోల్టుల, 2280 ఎంఏహెచ్ కెమెరా బ్యాటరీ లెక్క దాదాపు 16, 3.7 వోల్టుల, 20000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకుది 74. రెండింటికీ ఇబ్బంది లేదు.

రెండు కార్డు స్లాట్లున్నాయని మురిసిపోయేముందు అవి రెండూ ఒకటేనా అని చూడండి. ఒకటి వేగమైన సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డుది, రెండోది నెమ్మదైన ఎస్‌డీ కార్డుది అయితే, ప్రతి ఫోటోనూ రెండింటిలోనూ రాసే బ్యాకప్ మోడ్‌లో వేగమంతా ఎస్‌డీ దయ మీదే. 45 మెగాపిక్సెళ్ల 14 బిట్ రా ఫైలు (సెన్సర్ పట్టిన సమాచారమంతా ఉన్నది) కుదించకుండా దాదాపు 79 ఎంబీ. వీ90 అని రాసున్న ఎస్‌డీ కార్డు హామీ ఇచ్చే కనీస వేగం సెకనుకు 90 ఎంబీ. సెకనుకు 20 ఫోటోల మోడ్‌లో బఫర్ (కార్డులోకి వెళ్లేలోపు ఫోటోలు ఆగే కెమెరా మెమరీ) నిండిపోయి, పక్షి ఎగిరే క్షణానికి కెమెరా మొరాయించేది ఇందుకే. లాస్‌లెస్ కంప్రెషన్ పెట్టుకుంటే బరువు చాలా తగ్గుతుంది, నాణ్యత పోదు.

నీరు, దుమ్ము చొరకుండా వెదర్ సీలింగ్ ఉన్నా ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వెళితే అద్దం మీద తేమ పడుతుంది. గదిలోనే కెమెరాను గాలి చొరబడని కవర్లో పెట్టి, బయట కనీసం అరగంట ఆగాక తీయండి. తేమ పట్టిన లెన్సును గుడ్డతో తుడవకండి, లెన్సు విప్పకండి.